తేడా లేదు

కట్టు 611. తేడా లేదు.

ఈ చిట్టాలో రాయాల్సింది ఇంతే. ఎన్నో కట్టు, తేడా ఉందా లేదా. కింద ఇంత జాగా ఎందుకు వదిలారో దీన్ని తయారుచేసినవాళ్ళకే తెలియాలి. ఖాళీ జాగా చూస్తే నా చెయ్యి ఊరుకోదు. పైవాళ్ళెవరూ ఇంత కిందికి చదవరు కాబట్టి భయం కూడా లేదు.

నా పేరు పద్మలీల. దిగువ లంకల నీటి ప్రయోగశాలలో పోస్టర్ కట్టేదాన్ని. పొద్దున్నే సోలార్ పలకల మీద పేరుకున్న ఉప్పు తుడిచి, యంత్రాన్ని లేపి, మా పోస్టర్ కోడ్‌ని మొదటి వరుస నుంచి నడిపిస్తాను. అది బావుల కొలతలు చదువుకుంటుంది, లెక్కలు వేస్తుంది, బొమ్మలు గీస్తుంది, బొమ్మల కింద ఊళ్ళ పేర్లు పేరుస్తుంది. టీ చల్లారేలోపు తెర మీద నిలువెత్తు పోస్టర్ తయారవుతుంది. దాన్ని సభ గోడ మీదున్న మా పోస్టర్‌తో చుక్కకి చుక్క సరిచూసి ఇక్కడ రాయాలి.

చేత్తో దిద్దిన పోస్టర్‌ని ఇప్పుడెవరూ నమ్మరు. మా అమ్మ చిన్నప్పుడు యంత్రాలు ఏ బొమ్మ కావాలంటే ఆ బొమ్మ, ఏ రుజువు కావాలంటే ఆ రుజువు పుట్టించి ఇచ్చేవట. ఎవరి కట్టుకథ వాళ్ళదే. దాంతో విసిగిపోయి శాస్త్రజ్ఞుల సభ ఒకే ఒక్క నియమం పెట్టుకుంది. కోడ్ చేతికిస్తే ఎవరు కట్టినా, ఎక్కడ కట్టినా, అదే పోస్టర్ రావాలి. అలా వచ్చినది గోడ మీద నిలుస్తుంది. నిలిచిన పోస్టర్ ఎలా చెబితే కాలవ తూములు అలా తెరుచుకుంటాయి. గోడకి చెవులుంటాయంటారు గానీ మా గోడకి నోరు మాత్రమే ఉంది.

మా పోస్టర్‌లో పదహారు లంక ఊళ్ళున్నాయి. ఉప్పు బావి ఉన్న ఊరికి ఎర్ర గుర్తు, అంటే పైపులో ఏటి నీళ్ళొస్తాయి. తీపి బావి ఉన్న ఊరికి పచ్చ గుర్తు, అంటే వాళ్ళ నీళ్ళు వాళ్ళే తాగాలి.

ఇవాళ కూడా నీళ్ళ వరుసలో దైవసహాయం మాస్టారు నీళ్ళు పంచే యంత్రం మీద చిందులు తొక్కారు. ఆయన మా ప్రయోగశాల పెద్ద, పోస్టర్ ఆలోచన ఆయనదే. ఇంటిపేరు గోవాడ. వరుసలో యంత్రం ఇంటిపేర్లని అక్షరక్రమంలో పిలుస్తుంది. పిలిచినప్పుడల్లా ‘గోళ్ల’ వాళ్ళ తర్వాతే ఈయన వంతు. “నా ముందు వాణ్ణెందుకు పిలుస్తావే దరిద్రపుదానా” అని దాన్ని చేతికర్రతో పొడుస్తారు. అది పేరు మళ్ళీ పిలుస్తుంది. ఇది మాకు రోజూ కాలక్షేపమే.

కట్టు 614. తేడా లేదు.

చెల్లెలు నాగలీలని చూడటానికి కోళ్లదిబ్బ వెళ్ళొచ్చాను. ఏడో నెల. పాదాలు బూరెల్లా పొంగి ఉన్నాయి. నర్సు బీపీ చూసి ఉప్పు మానెయ్యమందట, కూరలో చారులో ఉప్పు వెయ్యడం మానేసింది. అయినా తలనొప్పి తగ్గలేదు.

“నీళ్ళు బాగా తాగుతున్నావా నాగీ?” అన్నాను.

“తాగతానే ఉన్నానక్కా. ఎంత తాగినా దప్పిక తీరట్లేదు. నోరంతా ఒకటే ఉప్పన. అత్తయ్యకీ అంతే. కడుపుతో ఉంటే నోరు చెడుద్దంట. మరి అత్తయ్యకేమొచ్చిందో.”

వాళ్ళత్త తులశమ్మ పొయ్యి దగ్గర్నుంచే నవ్వింది. “నాకూ నెల తప్పిందేమో చూడమని అడిగావా మీ అక్కని.”

ముందు గది గోడకి మా పోస్టర్ నకలు వేలాడుతోంది. ‘కోళ్లదిబ్బ’ అన్నచోట పచ్చ గుర్తు. వచ్చినవాళ్ళందరికీ నాగి దాన్ని చూపిస్తుందట, మా అక్క కట్టిందని. నీళ్ళు ఉప్పగా ఉన్నాయని ఎవరైనా సణిగితే ఆ గుర్తు మీద వేలు పెట్టి నోరు మూయిస్తుందట.

తిరిగొచ్చేటప్పుడు పడవ నడిపింది బసవయ్య. ఏటి పాయకి అవతలి ఒడ్డున కోవెలరేవు ఆయన ఊరు. “మా బాయి నీళ్ళు పానకంలా ఉండేయమ్మా,” అన్నాడు తెడ్డు వేస్తూ. “మీ పోస్టరొచ్చాక ఉప్పని తేలింది. ఆఫీసోళ్ళొచ్చి మూతేసి సిమెంటు కొట్టేసి పోయారు. మా తాతల కాణ్ణించీ మా నాలుకలే మోసం చేశాయి కామోసు.”

నేను నవ్వాను. అప్పుడు నవ్వొచ్చింది.

కట్టు 616. తేడా లేదు.

ఎందుకైనా మంచిదని నాగి ఇంటి నుంచి తెచ్చిన నీళ్ళ సీసాని కొలిచాను. పోస్టర్‌లో కోళ్లదిబ్బ అంకెకి ఆరు రెట్లు ఉప్పు చూపించింది. మీటర్ పాడైందనుకుని వేరే మీటర్ పెట్టాను, ఆరు రెట్లే. సీసా మురికిదేమోనని బసవయ్యకి కబురుపెట్టి ఇంకోటి తెప్పించాను. ఆరు రెట్లే. చివరికి ఒక గుక్క తాగాను. ప్రయోగశాలలో చేరినప్పటి నుంచి నేను ఏ నీళ్ళనీ నాలుకతో చూడలేదు. చూడమని మాకెవరూ చెప్పలేదు కూడా. కళ్ళంట నీళ్ళొచ్చాయి, అవీ అంతే ఉప్పగా ఉన్నాయి.

కోడ్ మొత్తం చదువుతున్నాను. అన్నీ సరిగానే ఉన్నాయి. కొలతలు సరే, లెక్కలు సరే, రంగులు సరే. ఎన్నిసార్లు కట్టినా అదే పోస్టర్.

కట్టు 617. తేడా లేదు.

దొరికింది. నీళ్ళ వరుసలో దొరికింది.

యంత్రం “గోళ్ల సుందరరావు” అని పిలిచింది. మాస్టారు కర్ర ఎత్తి మామూలుగానే దండకం మొదలుపెట్టారు. “నాకు అక్షరాలు నేర్పినావిడ దెబ్బలు కొట్టి నేర్పింది. య ర ల వ, శ ష స హ, ళ, క్ష, ఱ. ముందు వ, ఆ తర్వాత ళ. గోవాడ ముందా, గోళ్ల ముందా? పలక పట్టిన ప్రతివాడికీ తెలుసే, నీకు తెలీదే.”

యంత్రానికి వేరే వరుస. దానికి ల పక్కనే ళ, ఆ తర్వాత వ. గోళ్ల ముందు, గోవాడ తర్వాత.

కోళ్లదిబ్బ ముందు, కోవెలరేవు తర్వాత.

బిందె అక్కడే వదిలేసి పరిగెత్తాను. కొలతల్ని మా యంత్రం కూడా అదే అక్షర వరుసలో పేర్చుకుంటుంది. బొమ్మ కింద వేసే ఊళ్ళ పేర్లని మాత్రం మాస్టారు తన చేత్తో టైపు చేసి పెట్టారు. తెలుగు పేర్లు యంత్రం ఎలా రాస్తుందో ఏమోనని ఆయనకి అనుమానం. ఆయన పలక మీద నేర్చుకున్న వరుసలో టైపు చేశారు. కోడ్ ఆ రెండు వరుసల్నీ పక్కపక్కన పెట్టి కుట్టేసింది. పద్నాలుగు ఊళ్ళకి రెండు వరుసలూ ఒకటే. రెండు ఊళ్ళకి మాత్రం పేర్లు తారుమారయ్యాయి.

కోవెలరేవు తీపి బావి సిమెంటు కింద ఉంది. నా చెల్లెలు కోవెలరేవు పచ్చ గుర్తు చూసుకుంటూ ఉప్పునీళ్ళు తాగుతోంది.

కట్టు 618. తేడా లేదు.

మాస్టారికి చెప్పాను. తెర వైపు చూసి, వేలితో గాల్లో య ర ల వ రాసుకున్నారు.

“తప్పు వరుస కాదు కదమ్మా అది,” అన్నారు.

“కాదండి.”

“మరి యంత్రానిదీ తప్పు కాదంటావు.”

“దాని వరుస దానిదండి.”

“ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలంటారు. తిన్నది నేను, తాగుతోంది వాళ్ళు.” దిద్దుబాటు కాగితం మీద సంతకం పెట్టారు. తప్పు నాదని ఆయన చేత్తో ఆయనే రాశారు. ఆ ముసలాయన్ని చూస్తే జాలేసింది, చెంప పగలగొట్టాలనీ అనిపించింది.

కోడ్‌లో మార్చాల్సింది ఒక్క వరుస. పాతదాన్ని అలాగే ఉంచి, వేరే నకలులో మార్చాను. కట్టాను. పేర్లు వాటి చోట్లకి వెళ్ళాయి. ఎంత తేలిక పని ఇది.

కట్టు 621. తేడా లేదు.

ఏ పోస్టర్ నిలవాలో తేల్చే గోడ కమిటీ ముందు నిలబడ్డాను. మాట్లాడింది విమలాదేవి గారు. కూర్చోమన్నారు, మంచినీళ్ళిచ్చారు. చెడ్డమనిషి అయినా బాగుండేది.

“మీ పోస్టర్ తప్పని మీరే అంటున్నారు. మేం ఏడు చోట్ల కట్టించాం. ఏడు చోట్లా అదే వచ్చింది.”

“అదే తప్పు ఏడుసార్లు వచ్చిందండి.”

“ఏడుసార్లు వచ్చినదాన్ని తప్పని ఎలా అనమంటారు? మీ మాట ఒక్కసారే కదా వచ్చింది.”

సీసా తీసి బల్ల మీద పెట్టాను. తాగి చూడమన్నాను. ఆవిడ సీసా వైపు, తర్వాత నా వైపు చూశారు. “అమ్మా, ఎవరి నాలుక ఎలా ఉందో గోడ మీద పెట్టలేం. అది వదిలేసుకునే కదా ఇంతదూరం వచ్చాం.”

దిద్దిన పోస్టర్ వేరే పోస్టర్ కింద లెక్కట. నిలిచినదానికి విరుద్ధంగా ఉంది కాబట్టి వాన, చలి, ఎండ మూడు కాలాల్లో మళ్ళీ నీళ్ళు కొలిచి, వచ్చే సభకి పట్టుకురావాలి. అప్పటికి నాగి బిడ్డ నడుస్తూ ఉంటుంది.

ఇంకో దారి కూడా ఉందని ఆవిడే చెప్పారు. ఏ రోజైనా సరిచూసినప్పుడు తేడా వస్తే పోస్టర్ ఆ పూటే దిగిపోతుంది. దిగితే గుర్తులన్నీ పోతాయి. గుర్తు లేని ఊరికి తూము తెరవరు. ఎర్ర గుర్తున్నవాటిలో కోవెలరేవుని పక్కన పెట్టినా నిజంగా ఉప్పు బావులున్న ఊళ్ళు ఎనిమిది. వాటికి కొత్త పోస్టర్ నిలిచేదాకా చుక్క నీరు రాదు.

“తేడా వచ్చిందా అమ్మా?” అని అడిగారు. నిజంగానే అడిగారు, దారి చూపిస్తున్నట్టు. చిట్టా రాసేది నేనేనని ఆవిడకి తెలుసు.

“లేదండి,” అన్నాను.

కట్టు 622. తేడా లేదు.

నాగికి అంతా చెప్పాను. గోడ మీది పచ్చ గుర్తు మీద వేలు పెట్టింది. కోపగించుకుంటుందనుకున్నాను.

“అయితే మా నోళ్ళు బాగానే ఉన్నాయన్నమాట,” అంది. అత్తని పిలిచింది. “అత్తయ్యా, నీకు నెల తప్పలేదంట. నీళ్ళే తప్పంట.”

నాతో వచ్చెయ్యమన్నాను. నా నీళ్ళు ఇద్దరం సర్దుకుందామన్నాను.

“ఈ వీధిలో కడుపుతో ఉన్నోళ్ళం అయిదుగురం ఉన్నామక్కా. ఎవరన్నా నీళ్ళు బాలేవంటే నీ పోస్టరు చూపిచ్చి తాగిచ్చింది నేను. ఇప్పుడు నేనొక్కదాన్నీ దాటిపోతే ఏమనుకుంటారు? అక్క పోస్టరు కట్టి చెల్లెల్ని మాత్రం తీసుకుపోయిందనరా?”

“అననీ.”

“నువ్వు అనిపిచ్చుకుంటావు. నేను అనిపిచ్చుకోలేను.”

చిట్టాలో ఒక్క మాట మార్చి రాస్తే ఆ పోస్టర్ దిగిపోతుందని కూడా చెప్పాను. ఎనిమిది ఊళ్ళ సంగతీ చెప్పాను. రాయమంటే రాసేదాన్ని. ఆ మాట ఆమె నోటి నుంచి రావాలని నేను కాచుకు కూర్చున్నాను. అందుకు సిగ్గుపడటం లేదు.

నాగి పొట్ట మీద చెయ్యి వేసుకుంది. “ఆ ఊళ్ళల్లో మాత్రం కడుపుతో ఉన్నోళ్ళు లేరా? వాళ్ళ ఉసురు నాకొద్దక్కా. ఏమీ రాయమాక.”

కట్టు 629. తేడా లేదు.

నా వంతు నీళ్ళు రోజూ డబ్బాలో పోసి బసవయ్య పడవలో పంపుతున్నాను. మాస్టారు తన వంతులో సగం కలుపుతున్నారు. నాగి ఆ నీళ్ళని అయిదు గ్లాసులు చేసి వీధిలో పంచుతోందట. ఏనుగు దాహానికి చూరునీళ్ళు. నువ్వే తాగవే అని కబురు పంపితే, ఒక్కదాన్నే తాగబోతే గొంతు దిగట్లేదని తిరుగు కబురు పంపింది.

బసవయ్య తమ బావి మూత పగలగొడతానన్నాడు. గునపం తీసుకుని రాత్రికి రాత్రే పోతే ఎవరు చూస్తారన్నాడు. పొద్దున్నే వాళ్ళ ఊరి పెద్దలు ఆపేశారట. కోవెలరేవు బావి తీపని తేలితే వాళ్ళకి పైపు ఆగిపోతుంది. ఉప్పు ఏటికేడు పైకి వస్తోంది, ఈ ఏడు తీపిగా ఉన్న బావి పైఏడు ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? పైపు ఒకసారి పోతే మళ్ళీ రాదు. వాళ్ళని తిట్టాలని చూశాను. తిట్టడానికి ఏమీ దొరకలేదు.

“కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు చూశావా,” అన్నారు మాస్టారు. “మనం అబద్ధాలకి మందు వేశాం, పద్మా.”

ఆయన ఇప్పుడు నీళ్ళ వరుసలో యంత్రాన్ని తిట్టడం మానేశారు. గోళ్లవారి వెనక తలవంచుకుని నిలబడుతున్నారు.

కట్టు 636. తేడా లేదు.

నాగికి కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నాయట. పడవలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

కట్టు 637. తేడా లేదు.

నాగికి ఫిట్స్ వచ్చాయి. ఆడపిల్ల. కడుపులోనే పోయింది.

నాగి బతికింది. ఎడమ కన్ను మసకగా ఉందంటోంది, నన్ను చూడటానికి తల పక్కకి తిప్పుతోంది. “ఎవరి పోలిక అక్కా?” అని అడిగింది. తులశమ్మ చూసింది, నేను చూడలేకపోయాను. నీ పోలికేనని చెప్పాను.

పొద్దున ఆసుపత్రి నుంచి నేరుగా ప్రయోగశాలకి వచ్చాను. ఇంకెక్కడికి పోవాలో తోచలేదు. పలకలు తుడిచాను. పోస్టర్ కట్టాను. ఇక్కడ ‘తేడా ఉం’ దాకా రాశాను. ఇంకొక్క అక్షరం రాస్తే దిగిపోయేది. ఎనిమిది ఊళ్ళు ఎండిపోతే పోనీ, నా నాగి బిడ్డ పోలేదా అనుకున్నాను. పొట్ట మీద చెయ్యి వేసుకుని అది అన్న మాట గుర్తొచ్చింది. నిజంగా ఆ మాట గుర్తు రాకుండా ఉంటే బాగుండేది.

చెరిపి, రాయాల్సిందే రాశాను.

పోస్టర్ మాత్రం చక్కగా వచ్చింది. కోళ్లదిబ్బ కింద పచ్చ గుర్తు కడిగిన ఆకులా ఉంది. దాన్ని నేను కట్టినన్నిసార్లు ఈ లంకల్లో ఇంకెవరూ కట్టలేదు. ఆ సంగతి తలుచుకుంటే నా చేతుల్ని చూసుకోవాలంటే అసహ్యంగా ఉంది.

కట్టు 645. తేడా లేదు.

నాగిని ఇంటికి తీసుకొచ్చారు. నేనూ వెళ్ళాను. ఊరి బావి నీళ్ళొచ్చే వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలతో నిలబడి ఉన్నారు. వాళ్ళలో కడుపుతో ఉన్నవాళ్ళు ఇప్పుడు నలుగురు. నన్ను చూసి దారిచ్చారు. ఒకమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

“అక్కా, నీళ్ళ గురించి నాగక్క ఏదో అంటంది. బిడ్డ పోయి మతి చలించిందంటన్నారు. పోస్టరు అట్టాగే ఉంది కదా?”

“అలాగే ఉంది,” అన్నాను.

“మరింకేం,” అంది ఆ అమ్మాయి. ఎంత తేలిక పడిందో మొహంలో కనిపించింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంట్లోకి పోయి గోడ మీది పోస్టర్ లాగి పడేశాను. తులశమ్మ ముగ్గుకి కలిపి పెట్టుకున్న ఎర్రమట్టి ముంత, చీపురుపుల్లల కట్ట తీసుకుని కుళాయి వెనక గోడ దగ్గరికి పోయాను. రాశాను, నా చేత్తో. ‘ఈ నీళ్ళు ఉప్పు. తాగకండి.’

అక్షరాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ‘నీళ్ళు’లో ళ వత్తు పక్కకి జారిపోయింది. రంగు కారింది. దీనికి కోడ్ లేదు. మళ్ళీ రాయమంటే నేనే ఇలా రాయలేను. ఏ కమిటీ ముందూ ఇది ఒక్క పూట నిలవదు.

ఆడవాళ్ళు చదివారు. నాగి తులశమ్మ భుజం పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, తల పక్కకి తిప్పి, మంచి కంటితో చదివింది.

చివరికి తులశమ్మే అడిగింది. “తాగకండంటే మరేం తాగమంటావమ్మా?”

ముంత అక్కడే పెట్టి పడవెక్కేశాను.

కట్టు 646. తేడా లేదు.

నీళ్ళ డబ్బాతో మళ్ళీ వెళ్ళాను. గోడ మీద రాత చెరిపేసి ఉంటారనుకున్నాను.

సగమే చెరిపారు. ‘తాగకండి’ అన్న మాట మీద ఎవరో సున్నం పూశారు. ‘ఈ నీళ్ళు ఉప్పు’ అన్నది అలాగే ఉంది. ఎవరూ చెరపకుండా దాని చుట్టూ ముగ్గుతో గీత కూడా గీశారు.

దాని ముందు నిలబడి నిన్నటి అమ్మాయి బిందె నింపుకుంటోంది. దోసిట్లో కొంచెం పట్టుకుని తాగి, మొహం చిట్లించి, నాతో అంది: “ఉప్పేనక్కా.”

బిందె చంకనెత్తుకుని ఇంటికి పోయింది.